చెరసాల గోడలు – చెరగని కళ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండుట సామాన్యమైన సంగతి కాదు. గుడి కట్టించినవాని పేరు రాతిమీద నిలుచును. చెరువు త్రవ్వించినవాని పేరు ఆయకట్టులో నిలుచును. పుస్తకమును ఇంటింటికి చేర్చినవాని పేరు మాత్రము చదివినవారి బుద్ధిలో కలిసిపోవును. అట్టివారి శ్రమను తలచుకొనుటకే ఇట్టి ఉత్సవములు ఏర్పడినవి.

ఇంతటి శుభసమయమున చెరసాల ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. కాని ఏ గ్రంథాలయమునందైనను బీరువా తలుపులు తీసి చూచినచో, అందలి మేలైన గ్రంథములలో కొన్ని తాళము వేసిన గదులలో పుట్టినవని తెలియగలదు. లోకమాన్య తిలకు గీతారహస్యమును 1910–11 లో మాండలే చెరలో పెన్సిలుతో వ్రాసిరి. అది 1915 లో అచ్చయ్యెను. జవహర్‌లాల్ నెహ్రూ తమ భారతదర్శన గ్రంథమును 1944 లో అహమద్‌నగర్ కోటలో బందీగా నున్నపుడు వ్రాసిరి. తెలుగు దేశమున చూచినచో రామదాసు కీర్తనలు కలవు, ఉన్నవ లక్ష్మీనారాయణ నవల కలదు, దాశరథి పద్యములు కలవు. కావున గ్రంథాలయమును గూర్చి మాటలాడువారు చెరసాలను మరచుట న్యాయము కాదు.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. కష్టములోనే కళ పుట్టునని, చెరసాల కవులకు తపోవనమని పొగడువారు కలరు. ఆ మాట వినుటకు ఇంపుగా నుండును గాని నిజము కాదు. చెరసాల కళను పుట్టింపదు. కళ గలిగిన మనిషి అందులో పడినను, ఆ గోడలు ఒక్కొక్కప్పుడు అతనిలోని కళను చంపలేకపోవును. అంతియే. ఒక్క రామదాసు పాట బయటికి వచ్చినది. రాకుండ పోయిన పాటలెన్నియో లెక్క చెప్పగలవారు లేరు. బయటికి వచ్చిన వాటి చరిత్రను పరిశీలించినచో ఒక్క విషయము స్పష్టమగును. బందీ సృష్టించినది తనంతట తాను బ్రదుకలేదు. దానిని అందుకొనుటకు బయటనో, ప్రక్కగదిలోనో మరియొక చేయి ఉండవలెను. ఈ ప్రసంగమున చెప్పదలచిన ముఖ్యవిషయము ఇదియే.

ఆ చేయి ఏ విధముగ పనిచేసినదో రామదాసు కథతో మొదలుపెట్టి చూడవచ్చును.

కంచర్ల గోపన్న నేలకొండపల్లి వాస్తవ్యుడు. 17వ శతాబ్దమున గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా నుండెను. సర్కారునకు చెల్లింపవలసిన పైకముతో భద్రాచలమున శ్రీరామునకు ఆలయము కట్టించి, నగలు చేయించెననియు, అందుపై గోలకొండ కోటలో 12 ఏండ్లు బంధింపబడెననియు ఐతిహ్యము. నేటికిని కోట చూడబోయినవారికి రామదాసు బందిఖానాయని ఒక గది చూపుదురు. అందు గోడమీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపములు చెక్కబడి యున్నవి. ఆయనయే తన చేతితో చెక్కెనని జనుల విశ్వాసము.

ఆ గదిలో చేసినవని చెప్పబడు కీర్తనలలో ఒక విశేషము కలదు. గోపన్న తహశీలుదారు. లెక్కలు వ్రాయుట, బాకీదారుని నిలదీయుట ఆయన ఉద్యోగము. చెరలో పడిన పిమ్మట దేవునితో మాటలాడునపుడును ఆ ఉద్యోగపు భాష ఆయనను విడువలేదు. ఒక కీర్తనలో తాను చేయించిన నగలను పేరుపేరున చెప్పును. ఏ నగ ఎవరికి పెట్టెనో, ఎంత పైకము పట్టెనో లెక్క ఒప్పగించును. బాకీదారుని నిలదీసినట్లు రాముని నిలదీయును. కడపట దెబ్బలబాధకు తాళలేక తిట్టితినని క్షమాపణ వేడుకొనును. పండితుడెవ్వడును చల్లని నీడలో కూర్చుండి ఇట్టి కీర్తన చేయజాలడు. లెక్క తప్పిన ఉద్యోగి భయము, దెబ్బలు తిన్న శరీరపు బాధ, నమ్మిన దైవముపై చనవు, ఈ మూడును కలిసిన చోట ఆ పాట పుట్టినది.

ఆ పాట కోట దాటి ఎట్లు వచ్చెను? ఆనాటికి తెలుగున అచ్చుయంత్రము లేదు. భజనగోష్ఠులు వాటిని నోటికి నేర్చుకొనినవి. హరిదాసులు ఊరూర పాడిరి. వంద సంవత్సరములకు పిమ్మట కావేరీతీరమున నున్న త్యాగరాజు తన కీర్తనలలో రామదాసుని బంధవిముక్తిని స్మరించుకొనెను. 20వ శతాబ్దమున మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానముచేత అవి రేడియోలద్వారా ప్రతియింటికి చేరినవి. గోడమీది బొమ్మ గోలకొండలోనే నిలిచిపోయెను. పాట మాత్రము దేశము తిరిగెను. రామమందిరము లేని తెలుగుపల్లె అరుదు. ఆ మందిరమున చిడతలు పట్టిన ప్రతివాడును, తనకు తెలియకయే, ఒక బందీ కష్టమును భద్రపరచిన గ్రంథపాలకుడే.

చెరలో కాగితము దొరకనివాడు పద్యమునో పాటనో ఆశ్రయించుట సహజము. ఛందస్సు, తాళము జ్ఞాపకమునకు పగ్గములవంటివి. వాటితో కట్టిన మాట కాగితము లేకున్నను జారిపోదు. కాగితము దొరికినవాడు మాత్రము వచనము వ్రాయగలడు. 20వ శతాబ్దమున స్వాతంత్ర్యోద్యమము మూలముగ చదువుకొన్నవారు వందలకొలది చెరసాలకు పోయినపుడు ఈ రెండవ మార్గము తెరువబడెను.

గ్రంథాలయోద్యమ చరిత్ర ఎరిగినవారు ఇచ్చట గాడిచర్ల హరిసర్వోత్తమరావును స్మరింపక మానరు. వారు 1908 లో బెజవాడనుండి వెలువడిన స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్రాతకు రాజద్రోహ నేరముపై శిక్షింపబడి, రాయవేలూరు చెరలో సామాన్య ఖైదీవలె కఠినశిక్ష ననుభవించిరి. విడుదలయైన తరువాత ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు, వయోజనవిద్యకు తమ జీవితమును ధారపోసిరి. 1960 లో స్వర్గస్థులైరి. అక్షరము వ్రాసినందుకు చెరకు పోయినవాడు తిరిగి వచ్చి, అక్షరము రానివారికి అక్షరము నేర్పుటకు పూనుకొనెను. ఈ నాటి గ్రామ గ్రంథాలయములన్నియు కొంతవరకు ఒక మాజీ ఖైదీ చేతిచలువయే యనిన అతిశయోక్తి కానేరదు.

అదే రాయవేలూరు చెరలో ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవలను వ్రాసిరి. వారు గుంటూరు సీమవారు, డబ్లిను నగరమున బారిష్టరు పరీక్ష నిచ్చి వచ్చినవారు. పల్నాట అడవి పుల్లరిపై జరిగిన సత్యాగ్రహ సందర్భమున వారికి శిక్ష పడెను. బారిష్టరు చెరలో కూర్చుండి బారిష్టరు కథను వ్రాయలేదు. మాలపల్లెలోని రామదాసు, మహాలక్ష్మి, వారి బిడ్డలు సంగదాసు, వెంకటదాసు, జ్యోతి – వీరి కథను వ్రాసిరి. కూలి గింజలలో జరిగిన మోసము, భూమి పోయిన సంసారపు దుఃఖము, తక్కెళ్ల జగ్గడను పేరుతో తిరుగబడిన యువకుని కోపము, చెరసాలలలోని బ్రతుకు అందు వర్ణింపబడినవి. పల్లెప్రజలు మాటలాడుకొను తెలుగుననే చాలభాగము వ్రాయబడుటచేత చదువురాని వారికి చదివి వినిపించినను అర్థమగును.

ఆ నవల 1922 లో అచ్చయ్యెను. మరుసటి యేడే మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. కొన్ని భాగములు తొలగించినపై 1928 లో అనుమతి నిచ్చి, 1936 లో మరల నిషేధించిరి. 1937 లో రాజగోపాలాచారి మంత్రివర్గము వచ్చిన పిదప ఆ నిషేధము తొలగెను. అనగా రచయిత చెరకు పోగా, ఆయన పుస్తకము రెండుసారులు చెరకు పోయినది. కాశీనాథుని నాగేశ్వరరావు దానికి పీఠిక వ్రాసి అండగా నిలిచిరి. పుస్తకమును దాచుకొని చదివినవారి పేర్లు మనకు తెలియవు. వారు లేకున్నచో మాలపల్లి నేడు పేరుకు మాత్రమే మిగిలెడిది.

ఇక తెలంగాణమునకు వత్తము. నిజాము పాలనలో తెలుగు గ్రంథాలయము పెట్టుటయే సాహసముగ నుండిన కాలమున వట్టికోట ఆళ్వారుస్వామి అను యువకుడు పుస్తకములు మోసికొని ఊరూర తిరిగెను. చిన్ననాడే తండ్రిని కోల్పోయి, ఇతరుల ఇండ్లలో వంటపనిచేసి, హోటలులో సర్వరుగా పనిచేసి, చదువు తానే సంపాదించుకొనినవాడు ఆయన. 1938 లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి చవుక పుస్తకములు ప్రచురించెను. ఉద్యమములలో పాల్గొని పలుమారులు చెరకు పోయెను.

1948 లో నిజామాబాదు చెరసాలలో ఆయనతోపాటు దాశరథి కృష్ణమాచార్యులుండెను. అప్పటికి దాశరథి ఇరువదిమూడేండ్ల పడుచువాడు. కాగితము లేదు, కలము లేదు. పండ్లు తోముకొనుటకిచ్చిన బొగ్గుతో ఆయన నిరంకుశ ప్రభుత్వమును ధిక్కరించు పద్యములను గోడమీద వ్రాసెను. బొగ్గువ్రాతను చెరుపుటకు తడిగుడ్డ చాలును. కాని పద్యము ముందుగా కవి కంఠమున నుండెను. వ్రాయగనే తోటి ఖైదీల చెవులలోనికి పోయెను. అక్కడికి తడిగుడ్డ చేరలేదు. 1949 లో దాశరథి తొలి పద్యసంపుటి అగ్నిధార వెలువడినపుడు దానిని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చెను. రాజులకు, జమీందారులకు కృతులు అంకితమిచ్చిన తెలుగు సాహిత్యమున, ఒక ఖైదీ తన కృతిని తోటి ఖైదీకి అంకితమిచ్చుట మరువరాని ఘట్టము.

ఆళ్వారుస్వామి అంతటితో ఆగలేదు. చెరలో తనకు కనబడిన సామాన్యఖైదీలను గూర్చి కథలు వ్రాసి, జైలు లోపల అను పేర సంపుటిగా వెలువరించెను. రాజకీయఖైదీలు సాధారణముగా తమ త్యాగమును, తమ నాయకులను గూర్చి వ్రాసికొందురు. ఈయన చూపు ప్రక్కగదిలోని మనిషి మీదికి పోయెను. ఆ మనిషికి పత్రికలో పేరు పడదు. విడుదలనాడు పూలదండ పడదు. దొంగయనియో, హంతకుడనియో ఒక్క మాటతో లోకము అతని జీవితమును కొట్టివేయును. ఆ ఒక్క మాటవెనుక ఆకలి యున్నది, భూమి తగాదా యున్నది, క్షణికమైన కోపమున్నది, ఒక్కొక్కప్పుడు చేయని నేరమును కలదు. 1961 లో ఆళ్వారుస్వామి మరణించెను గాని, ఆయన వేసిన ప్రశ్న మిగిలియే యున్నది: పేరుగల ఖైదీ కళను నెత్తిన పెట్టుకొను సమాజము, పేరులేని ఖైదీ కళను ఏమి చేయుచున్నది?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు చేతిపనుల వైపు చూడవలెను. ఏలయనగా చెరసాలలో అక్షరము వచ్చినవారికంటె చేతిపని వచ్చినవారే ఎక్కువ.

గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికా చెరలో నుండగా తన చేతులతో చెప్పులు కుట్టి, తనను చెరలో పెట్టించిన జనరల్ స్మట్సుకు 1914 లో ఆ దేశము విడుచునపుడు కానుకగా పంపెను. స్మట్సు వాటిని ఏండ్లతరబడి తొడుగుకొని, 1939 లో గాంధీజీ 70వ జన్మదినమునకు తిరిగి పంపుచు, వాటిని తొడుగుటకు తాను తగనని వినయముగా వ్రాసెను. పెట్టెలో ముడుచుకొను రాట్నమునకు ఎరవాడ చక్రమని పేరు వచ్చుటకు గాంధీజీ ఎరవాడ చెరలో దానిపై చేసిన కృషియే కారణము. ఈ వస్తువులు నేడు పూజనీయములు. చేసినవారి పేరు లోకమునకు తెలియును గనుక వాటికి ఆ గౌరవము దక్కెను.

దీనికి మరొకప్రక్క చూడుడు. ఇంగ్లండులోని విండ్సరు కోటలో వాటర్లూ మందిరమని ఒక విశాలమైన చావడి యున్నది. దానిలో పరచిన తివాచీ సుమారు 80 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, రెండు టన్నుల బరువు. అతుకు లేకుండ చేతితో నేసిన తివాచీలలో ప్రపంచమునందు మిక్కిలి పెద్దవానిలో అది యొకటి. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవమునకై దానిని ఆగ్రా చెరసాలలోని ఖైదీలు నేసిరి. 1894 లో అది కోటకు చేరెను. 1992 లో ఆ కోటలో అగ్నిప్రమాదము సంభవించినపుడు దానిని చుట్టి బయటికి చేర్చుటకు 50 మంది సైనికులు కావలసి వచ్చిరట. అంతటి వస్తువును రోజుల తరబడి, ముడి వెంట ముడి వేసి, ఎందరు నేసిరి? వారి ఊళ్లేవి? వారి శిక్షలేవి? రాణి ఉత్సవము చరిత్రలో నిలిచెను. నేసినవారి పేర్లు తివాచీ అంచునైనను నిలువలేదు. ఉత్సవ సంచికలు వేసికొను వారందరు ఈ సంగతిని ఒకసారి తలచుకొనదగును.

అంత దూరము పోనక్కరలేదు. వరంగల్లు కేంద్రకారాగారము 1886 నాటిది. అందలి ఖైదీలు నేసిన తివాచీలకు, జంపఖానాలకు ఎంతో పేరుండెను. ఆసుపత్రి నిర్మాణమునకై 2021 లో ఆ చెరసాల భవనములను పడగొట్టిరి. ఆసుపత్రి కావలసినదే, దానిని తప్పుపట్టుటకు లేదు. కాని మగ్గములున్న శాల నేలమట్టమైన పిదప, ఆ పనివారికి మిగిలిన సాక్ష్యము ఎవరి ఇండ్లలోనో పరచియున్న తివాచీలు మాత్రమే. వాటిమీద చెరసాల పేరు ఉండవచ్చును. మనిషి పేరు ఉండదు.

ఇచ్చట నిజాయితీగా ఆలోచింపవలసిన రెండు అభ్యంతరములు కలవు.

మొదటిది: బలవంతముగా చేయించిన పని కళయగునా? పై అధికారి ఇచ్చిన నమూనా ప్రకారము, రోజుకింతయని విధించిన పని చేయువాడు కళాకారుడెట్లగును? ఈ ప్రశ్నలో న్యాయమున్నది. ఆగ్రా తివాచీని నేసినవారిలో ఎవ్వరును రాణికి కానుక నీయవలెనని కోరుకొని యుండరు. అయినను పనితనము యజమాని సొత్తు కాదు. ఆజ్ఞ పైనుండి వచ్చును గాని, ముడి బిగువు, రంగుల పొందిక, అంచు నిలువు – ఇవి నేయువాని చేతినుండియే వచ్చును. కావున ఆ పద్ధతిని మెచ్చుకొనకయే ఆ చేతిని మెచ్చుకొనవచ్చును. మెచ్చుకొనుట మాత్రమే చాలదు. కూలి కూడ ఈయవలెను. ఈ సంగతిని మన సర్వోన్నత న్యాయస్థానము 1998 లో స్పష్టపరచెను. కఠినశిక్ష పడిన ఖైదీచేత పని చేయించుట చట్టసమ్మతమే యైనను, ఆ పనికి న్యాయమైన వేతనము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను.

రెండవ అభ్యంతరము ఇంతకంటె బరువైనది. నేరమువలన నష్టపోయినవారి సంగతి యేమి? ఇంటిలోని మనిషిని పోగొట్టుకొన్న తల్లి ముందర, ఆ మనిషిని చంపినవాడు వేసిన బొమ్మ బాగున్నదని చెప్పగలమా? చెప్పలేము, చెప్పకూడదు. ఆమె దుఃఖమునకు మొదటి పీట. ఆమె క్షమింపవలెనని శాసించుటకు ఎవరికిని అధికారము లేదు. పైన చెప్పిన తీర్పులోనే న్యాయస్థానము ఈ విషయమును కూడ ఆలోచించి, ఖైదీ వేతనములో కొంత భాగమును నేరమువలన నష్టపోయిన అర్హులకు పరిహారముగా కేటాయించు ఏర్పాటు చేయవలెనని సూచించెను. ఇది ధర్మమైన మార్గము. చేసిన చేయి పని చేయవలెను. ఆ పనిలో కొంత బాధితుల కన్నీరు తుడువవలెను. కళను మెచ్చుకొనుట నేరమును మెచ్చుకొనుట కాదు. నేరము ఒకనాటి పని. ఆ మనిషి ఆ ఒక్కనాటి పనితోనే ముగిసిపోవలెనా, లేక మరియొక మంచిపని కూడ చేయగలడా యని చూచుటయే శిక్షయొక్క పరమార్థము. చేయగలడని ప్రపంచమునకు చూపునది అతని చేతిపని.

ఇక విడుదలయైనవాని సంగతి. చెరలో నున్నవానికి గోడలు నాలుగు. బయటికి వచ్చినవానికి ఊరంతయు గోడయే. ఈ మాటకు దృష్టాంతము కొరకు సామాన్యఖైదీని వెదుకనక్కరలేదు. దేశభక్తుడైన గరిమెళ్ల సత్యనారాయణ చరిత్రయే చాలును. తెల్లవారి దొరతనము వలదని చెప్పిన ఆయన పాట ఆంధ్రదేశమంతట మారుమ్రోగెను. ఆ పాటకు ఆయన చెరకు పోయెను. విడుదలయై వచ్చి మరల పాడి మరల చెరకు పోయెను. స్వరాజ్యము వచ్చెను. పాట జనుల నోట నిలిచెను. పాడినవాడు మాత్రము పేదరికమున మ్రగ్గి 1952 లో మదరాసులో కన్నుమూసెను. పాటను అందుకొనిన సమాజము పాటగానిని అందుకొనలేదు. దేశమునకై చెరకు పోయినవానికే ఈ గతి పట్టినపుడు, తప్పుచేసి చెరకు పోయి వచ్చినవాని గతి యేమగునో ఊహింపవచ్చును.

అట్టివాడు చెరలో నేత నేర్చుకొని వచ్చును. వడ్రంగము నేర్చుకొని వచ్చును. ఒక్కొక్కడు చదువే అక్కడ నేర్చుకొని వచ్చును. ఊరిలో అడుగుపెట్టగనే జనులు అతని చేతిలోని విద్యను చూడరు. అతని వెనుకటి కథను చూచెదరు. పని యీయరు. పిల్లలను అతని వాకిటివైపు పోనీయరు. విద్య చేతిలోనుండగనే తుప్పుపట్టును. పనిలేని చేయి పాతదారి పట్టినచో, వాడు మారడని ఊరే తీర్పు చెప్పును. ఆ తీర్పులో ఊరిపాలు ఎంతయో ఊరు లెక్కచూచుకొనదు.

ఈ విషయమున గ్రామ గ్రంథాలయము చేయదగిన పనులు కలవు. అవి పెద్ద ధనముతో పనిలేనివి.

మొదటిది, పుస్తకములను చెరసాలకు చేర్చుట. ప్రతి గ్రంథాలయమునందును రెండేసి మూడేసి ప్రతులున్న పుస్తకములుండును. జిల్లాలోని చెరసాల అధికారుల అనుమతితో వాటిని ఏడాదికొకసారి పంపవచ్చును. చదువు కొత్తగా నేర్చినవారికి పెద్ద అక్షరముల కథల పుస్తకములు, చేతిపనుల పుస్తకములు, శతకములు పనికివచ్చును. గాడిచర్లవారి పేరు చెప్పుకొను ఉద్యమమునకు ఇది కొత్త పని కాదు, మిగిలిపోయిన పని.

రెండవది, విడుదలయై వచ్చినవానికి చందాదారుగా చేరుటకు అడ్డు చెప్పకుండుట. గ్రంథాలయమున ప్రవేశించువానిని అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఏ పుస్తకము కావలెనని. ఊరిలో ఇంకెక్కడ కూర్చుండుటకు చోటులేనివానికి చదువుగదిలో ఒక బల్ల దొరికినచో, ఆ బల్ల చేయు మేలు ఉపన్యాసములు చేయలేవు.

మూడవది, పేరు వ్రాయుట. ఉత్సవములకు తివాచీయో, కుర్చీయో చెరసాల అంగడినుండి కొనినచో, దానిని చేసినవాని అంగీకారము దొరికినపుడు అతని పేరును స్టాకు పుస్తకమున వ్రాసియుంచవలెను. పేరు వెల్లడియగుట తన బిడ్డలకు తలవంపులని అతడు తలచినచో ఆ కోరికను మన్నింపవలెను. ఆ నిర్ణయము అతనిది. విండ్సరు కోటలో జరుగని న్యాయము ఒక పల్లె గ్రంథాలయపు స్టాకు పుస్తకములో జరుగుట చిన్నపని కాదు.

నాలుగవది, చెరసాలలో పుట్టిన తెలుగు గ్రంథములన్నిటిని ఒక అరలో చేర్చి, వాటి చరిత్రను పిల్లలకు చెప్పుట. రామదాసు కీర్తనలు, మాలపల్లి, అగ్నిధార, జైలు లోపల – ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన ఉంచినచో, మూడువందల ఏండ్ల తెలుగువారి చరిత్రను ఇనుపకటకటాల సందులనుండి చూచినట్లగును. ఒకరు భక్తుడు, ఒకరు బారిష్టరు, ఒకరు కవి, ఒకరు పుస్తకములు మోసిన కార్యకర్త. చెప్పినవి వేరు వేరు. వినువాడొకడు బయట నుండునను నమ్మకము మాత్రము నలుగురిలోను ఒక్కటే.

ఆ వినువాడే గ్రంథాలయము. బందీ గోడమీద వ్రాయగలడు, గోడను మోసికొని రాలేడు. ఆ వ్రాతను మోసికొని వచ్చుట బయటనున్నవారి బాధ్యత. గోలకొండనుండి భజనపరులు మోసికొని వచ్చిరి. నిజామాబాదునుండి తోటి ఖైదీలు మోసికొని వచ్చిరి. ఇకముందు రావలసినవి ఇంకను లోపలనే యున్నవి. వాటిని అందుకొను చేతులు పల్లెలలో సిద్ధముగా నుండవలెనని, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి ఆ అరలో మరికొన్ని పుస్తకములు చేరియుండవలెనని ఆకాంక్షించుట ఈ సభకు తగును.

స్వస్తి.